పంగ్ అన్న మామ, మాజాంగ్ అన్న నేను

ఆ రోజుల్లో నాకు ఏదన్నా వచ్చా అని ఎవరైనా అడిగితే రాదని చెప్పడం చేతనయ్యేది కాదు. ఈత వచ్చా అంటే వచ్చనేవాణ్ణి, హార్మోనియం వచ్చా అంటే కొద్దిగా వచ్చనేవాణ్ణి, మరాఠీ వచ్చా అంటే అర్థమవుతుంది గాని మాట్లాడనని గంభీరంగా చెప్పేవాణ్ణి. (ఈ మూడింటిలో ఏదీ నిజం కాదు.) అందుకు కారణం గర్వమని ఇప్పుడనిపిస్తుంది గాని, అప్పుడు మాత్రం అది ధైర్యమనే గట్టిగా నమ్మేవాణ్ణి. కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు, మీసం ఇంకా పూర్తిగా రానివాడు, రాదు అనే మాటతో మొదలుపెడితే పైకి ఎలా వస్తాడన్నది నా వాదన. ఆ వాదన నన్ను పైకి తీసుకుపోలేదు సరిగదా, ఒక ఆదివారం మధ్యాహ్నం మందమర్రి ఆఫీసర్ల క్లబ్బులో, నాకు కాబోయే మామ ముందు, నోరు తెరిచి గుడ్లప్పగించి కూర్చునేదాకా తీసుకుపోయింది.

మందమర్రిలో అప్పుడు నేను బొగ్గుబాయి సర్వే ఆఫీసులో ట్రేసర్‌ని. పెద్ద ఉద్యోగమేమీ కాదు. భూమి లోపల ఎక్కడెక్కడ బొగ్గు తవ్వారో సర్వేయర్లు పటాలు గీసుకొస్తే, వాటి మీద ట్రేసింగు గుడ్డ పరిచి, కనిపించే గీతల మీదే మళ్లీ సిరాతో గీతలు గీయడం, అంకెల మీద అంకెలు వేయడం. కొత్తగా ఏమీ ఆలోచించకుండా ఉన్నదాన్ని ఉన్నట్టు చూడగలిగితే చాలు. మా పెద్ద సర్వేయర్ సాబ్‌ది కరీంనగర్. నోట్లో ఎప్పుడూ పాన్ ఉండేది, అందువల్ల మాటలు తక్కువ. ఒక శనివారం ఆయన తలుపు దగ్గర నిలబడి, పాన్ ఒక బుగ్గకు సర్దుకుని, "అరేయ్, మీలో ఎవలికన్న ఆటలొస్తయారా?" అని అడిగాడు.

కంపెనీ వాలీబాల్ జట్టుకు మనుషుల్ని వెతుకుతున్నారని ఆ వారమంతా ఆఫీసులో చెప్పుకుంటున్నారు. జట్టులో చేరినవాళ్లకు రోజూ పాలు, ఉడకబెట్టిన గుడ్లు ఇస్తారట, సాయంత్రం తొందరగా వదిలేస్తారట. నేను చెయ్యెత్తాను.

"ఏమేమొస్తయి?"

"అన్ని ఒస్తయ్ సార్."

"అయితె రేపు అన్నం తిని క్లబ్బుకు రా. మంచి అంగీ ఏస్కో."

వాలీబాల్‌కు మంచి అంగీ ఎందుకని నాకు అనుమానం రావలసింది. రాలేదు. మరునాడు ఇస్త్రీ అంగీ, నిక్కరు, తెల్లగా సుద్ద పూసిన కాన్వాస్ బూట్లతో క్లబ్బుకు వెళ్లాను. పక్క వరండాలో పచ్చ గుడ్డ పరిచిన బల్ల, నాలుగు కుర్చీలు ఉన్నాయి. మా సర్వేయర్ సాబ్ నా నిక్కరు వంక చూసి పాన్ నమలడం ఆపాడు. ఇంకో కుర్చీలో గుంటూరు వైపు నుంచి వచ్చిన కంపెనీ డాక్టరు గారు ఉన్నారు. మూడో కుర్చీలో మేనేజరు గారి భార్య. ఆమెది కలకత్తా. కాలనీలో అందరూ ఆమెను కలకత్తా దొరసాని అనేవారు. చిన్నప్పుడు వాళ్ల ఇంటి పక్కన చీనావాళ్లు ఉండేవారట. వాళ్ల దగ్గర నేర్చుకున్న మాజాంగ్ అనే ఆటను ఆమె అక్కడి నుంచి ఇక్కడిదాకా ఒక చెక్కపెట్టెలో మోసుకొచ్చింది. ఆ ఆటకు నలుగురు కావాలి. నాలుగో మనిషైన స్టోర్స్ బాబును వేరే బాయికి బదిలీ చేశారు. ఖాళీగా ఉన్న నాలుగో కుర్చీ దొరసానికి ఎడమ పక్కది.

"మాజాంగ్ ఆతా హై?" అని అడిగింది దొరసాని.

"ఆతా హై మేమ్‌సాబ్" అన్నాను. అలవాటు కొద్దీ వచ్చేసింది ఆ మాట.

ఆమె చెక్కపెట్టె బోర్లించింది. తెల్లటి బిళ్లలు, సబ్బు ముక్కలంత మందం, ఒక్కో దాని మీద ఒక్కో బొమ్మ, గలగలమంటూ బల్ల మీద పడ్డాయి. పేర్చమని సైగ చేసింది. నేను కాసేపు ఆలోచించి, వాటన్నిటినీ నిలువుగా ఒకదాని మీద ఒకటి పెట్టి చిన్న గోపురం కట్టాను. ఆమె చాలా ఓపికగా, ఆఖరి బిళ్ల పెట్టేదాకా చూసి, "నహీ ఆతా" అంది. కోప్పడలేదు, నవ్వలేదు. గోపురం కూల్చి, మొదటి నుంచి నేర్పింది.

ఆట సంగతి తెలియనివారికి కొంచెం చెబుతాను. (తెలిసినవారు ఈ పేరా దాటేయవచ్చు. తప్పులుంటే నాకు ఉత్తరం రాయవద్దు.) ఒక్కొక్కరి ముందు పదమూడు ముక్కలుంటాయి. వంతు వచ్చినప్పుడు మధ్యలోని వరస నుంచి ఒకటి తీసుకోవాలి, అక్కర్లేనిది ఒకటి పారేయాలి. ఒక్కతీరువి మూడు గాని, వరస అంకెలవి మూడు గాని జట్లు చేసుకుంటూ పోవాలి. చివరికి అన్ని జట్లూ, ఒక జంటా కుదిరితే గెలిచినట్టు. అసలు తమాషా అంతా పారేసిన ముక్కలో ఉంది. ఒకరు పారేసిన ముక్క, తర్వాతి మనిషి కొత్తది తీసేలోపల, ప్రాణంతో ఉంటుంది. అలాంటివి రెండు నీ దగ్గరుంటే, నీ వంతు కాకపోయినా "పంగ్" అని తీసుకోవచ్చు. వరస కలుపుకోవడానికైతే "చౌ" అనాలి గాని, ఆ హక్కు పారేసినవాడి కుడిపక్కన కూర్చున్న మనిషికే. ఆ ముక్కతో ఆటే గెలిచేటట్టుంటే "మాజాంగ్" అనాలి. ఆ మాట ముందు పంగ్, చౌ రెండూ చెల్లవు. ఇక మర్యాద ఏమిటంటే, ముందు నోటితో చెప్పాలి, తర్వాతే చెయ్యి చాచాలి. "నోరు ముందు, చెయ్యి తర్వాత. అన్నాక వెనక్కి తీసుకోకూడదు. పెళ్లి లాంటిదనుకోండి తమ్ముడూ" అని డాక్టరు గారు విడమరిచి చెప్పారు.

ఇవన్నీ ఆ చెక్కపెట్టెతోపాటు వచ్చిన రూల్స్. మా ఊరి రూల్ తిరిగి వెళ్లేటప్పుడు దారిలో సర్వేయర్ సాబ్ చెప్పాడు.

"గవన్ని మంచిగనే ఉన్నయి గని, అసలు ముచ్చట నేన్ చెప్త ఇను. దొరసానికి పనికొచ్చే ముక్క పడ్డదనుకో, నువ్వు నోరు తెరవద్దు. సమఝైందా?"

"ఆమెకేం పనికొస్తదో నాకెట్ల తెలుస్తది సార్?"

"తెల్సుకోవాలె. నీకు కోటర్ కావాల్నా ఒద్దా?"

ఆ మాటతో నేను నడక ఆపి నిలబడ్డాను. కోటర్ అంటే కంపెనీ ఇల్లు, ఇచ్చేది మేనేజరు గారు. దాని సంగతి చెప్పాలంటే మామ సంగతి చెప్పాలి. మా అవ్వకు, అంటే అమ్మకు, వరసకు తమ్ముడైన మామ ఒకాయన పెద్దపల్లి దగ్గర వరి పండించేవాడు. ఆయన బిడ్డను నాకివ్వాలని రెండిళ్లలోనూ అనుకుంటున్నారు. ఆ పిల్లను నేను ఒక పెళ్లిలో చూశాను. బంతిలో వడ్డిస్తూ నా విస్తరి దగ్గర ఆగి, "ఇంక జర పెట్టాల్నా?" అని అడిగింది. అప్పటికే కడుపు నిండా తిని ఉన్నాను. అయినా పెట్టమన్నాను. ఇంకోసారి వచ్చి అడిగింది. మళ్లీ పెట్టమన్నాను. ఆ సాయంత్రమంతా కడుపు పట్టుకుని పడుకున్నాను గాని, అంత సంతోషమైన కడుపునొప్పి మళ్లీ రాలేదు. అయితే మామ రెండు షరతులు పెట్టాడు. పిల్లగానికి కంపెనీ కోటర్ ఉండాలి, నలుగురు పోరగాళ్లు పండుకునే అర్రలో తన బిడ్డ ఉండదు. ఇది మొదటిది. రెండోది, పిల్లగాడు పత్తాలు ముట్టేవాడు కాకూడదు. మామ తమ్ముడు పేకాటలో తన వాటా పొలమంతా పోగొట్టుకుని, ఎటో వెళ్లిపోయాడు. అప్పటినుంచి ఆ ఇంట్లో పత్తాలనే మాటే ఎవరూ ఎత్తేవారు కాదు.

చూశారు కదా నా ఇరకాటం. మొదటి షరతు తీరాలంటే మేనేజరు గారి భార్యను సంతోషపెట్టాలి. ఆమెను సంతోషపెట్టాలంటే రెండో షరతుకు దగ్గర దగ్గరగా వెళ్లాలి. పైసలు పెట్టి ఆడేది కాదు గనుక ఇది పత్తాల కిందికి రాదని నాకు నేను తీర్పు చెప్పుకుని, ఇంటికి మాత్రం ఆదివారాలు మేనేజరు సాబ్ బంగళా వైపు ముఖ్యమైన పని ఉంటోందని చెప్పి పంపాను.

ఆ తర్వాత ఎన్ని ఆదివారాలు ఆ ఎడమ పక్క కుర్చీలో కూర్చున్నానో గాని, అంత శ్రద్ధగా ఏ పనీ చేయలేదు. ఆమె నాకు కుడిపక్కన ఉంటుంది గనుక నేను పారేసేది ఆమెకు పంగ్‌కూ పనికొస్తుంది, చౌకూ పనికొస్తుంది. ఆ కుర్చీ దేవుడిచ్చిన వరమనుకున్నాను. నా ముక్కల వంక చూడటం మానేసి ఆమె చేతుల వంక చూడటం మొదలుపెట్టాను. ఆట దగ్గరికొచ్చినప్పుడు ఆమె శంఖం గాజులను మోచేతి వైపు తోసుకునేది. వెదురుబొంగుల బొమ్మలు కూడబెడుతోందని కనిపెడితే, నా చేతిలో కుదిరిన జట్టును నేనే విరగ్గొట్టి వెదురుబొంగు పారేసేవాణ్ణి. ఎవరైనా నాకు కావలసింది పారేస్తే పంగ్ అనేవాణ్ణి కాదు. మరీ అనకపోతే అనుమానం వస్తుందేమోనని అప్పుడప్పుడు అనేవాణ్ణి గాని, నా అంగీ గుండీకి మాత్రమే వినపడేంత మెల్లగా అని, ఎవరూ వినలేదు గనుక ఊరుకునేవాణ్ణి. సర్వేయర్ సాబ్ కూడా అదే పని చేసేవాడు. డాక్టరు గారైతే "అయ్యో, నాకు అక్కర్లేదండీ, మీరే తీసుకోండి" అని పైకే అనేసేవారు. ప్రతి వారం దొరసానే గెలిచేది. విచిత్రమేమిటంటే, గెలిచినకొద్దీ ఆమె ముఖం చిన్నబోయేది. ముక్కలు బల్ల మీద పెట్టే చప్పుడు వారం వారం పెరిగింది. నేను తక్కువగా ఓడిపోతున్నానేమోనని, ఇంకా బాగా ఓడిపోవడం మొదలుపెట్టాను.

ఒక ఆదివారం, ఆట అయిపోయాక, ఆమె ఉన్నట్టుండి చెయ్యి చాపి నా ముక్కలన్నీ వెల్లకిలా పడేసింది. అందులో తూర్పుగాలి అనే ముక్కలు రెండు పక్కపక్కనే ఉన్నాయి. మూడోదాన్ని కాసేపటి కింద డాక్టరు గారు పారేస్తే, నేను క్లబ్బు దూలాల వంక చూస్తూ కూర్చున్నాను.

"తుమ్ హమ్‌కో బచ్చా సమఝ్‌తా హై?" అంది. నన్ను చిన్నపిల్లననుకుంటున్నావా అని.

నేను సర్వేయర్ సాబ్ వంక చూశాను. ఆయన పాన్ డబ్బా మూత తీస్తున్నాడు. డాక్టరు గారు గడియారం చూసుకుంటున్నారు. దొరసాని తన హిందీలో చెప్పుకుంటూ పోయింది. దుకాణానికి వెళితే ముందున్నవాళ్లు తప్పుకుంటారు, దవాఖానకు వెళితే వరసలోంచి పక్కకు జరుగుతారు, బ్యాడ్మింటన్ ఆడితే నెట్టుకే కొడతారు. కనీసం ఈ బల్ల దగ్గరన్నా ఎవరైనా నా నోటి దగ్గరిది లాక్కుంటారేమోనని వారమంతా ఎదురు చూస్తాను, ఇక్కడా ఇదేనా అంది. చివరికి నా వైపు వేలు చూపించి, వచ్చే వారం కావలసిన ముక్క వదిలేసినట్టు కనబడిందంటే ఇక ఈ కుర్చీకి రానక్కర్లేదంది. ఆమె గొంతులో కోపం కన్నా ఇంకేదో ఎక్కువ ఉంది. కాని నాకప్పుడు వినబడిందల్లా ఒక్కటే. కోటర్ పోయింది.

ఆ వారమంతా నా మంచం మీద కూర్చుని "పంగ్", "మాజాంగ్" అని గట్టిగా అనడం అభ్యాసం చేశాను. (నాతో అర్రలో ఉండే ముగ్గురూ నాకు జ్వరం తలకెక్కిందని అనుకున్నారు.) తెగించి ఆడాలని నిశ్చయించుకుని మరుసటి ఆదివారం క్లబ్బుకు వెళ్లాను. సరిగ్గా ఆ రోజే మామ పాసింజరు బండిలో మందమర్రిలో దిగాడు.

పిల్లనిచ్చే ముందు ఒకసారి చెప్పకుండా వెళ్లి చూసి రావాలని ఆయన ఆలోచన. పచ్చి పల్లికాయ తువ్వాలలో మూట కట్టుకుని నా అర్రకు వెళ్లాడు. అక్కడున్న నా స్నేహితుడు మంచం మీంచి లేవకుండానే, "క్లబ్బుల ఉంటడు పెద్దాయనా, దొరసానితోని ఆడుతుంటడు" అని చెప్పాడు. ఇంత అన్యాయంగా నిజం చెప్పినవాణ్ణి నేను మళ్లీ చూడలేదు.

నేను తలెత్తేసరికి మామ వరండా మెట్టు మీద ఉన్నాడు. ధోతి, భుజాన కంబడి, చేతిలో మూట. వెనకాల క్లబ్బు చౌకీదారు "ఆగుమన్న ఆగుతలేడు సాబ్" అంటున్నాడు. నేను ఒక్కసారిగా లేచాను. నా మోకాలు బల్లకు తగిలి, పేర్చిన ముక్కలన్నీ కూలిపోయి, నాలుగు దిక్కులా దొర్లాయి. ఒకటి దొర్లుకుంటూ వెళ్లి మామ కాలి దగ్గర ఆగింది. ఆయన వంగి దాన్ని తీసి, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏంది పిలగా ఇది?"

"పని మామా... ఆదివారం పని."

"గిదేనా పని?"

దొరసాని ఎవరని అడిగింది. సర్వేయర్ సాబ్ నన్ను కాపాడదామనుకున్నాడో, ముంచుదామనుకున్నాడో గాని, "ఇస్కా హోనేవాలా ససుర్" అని చెప్పాడు. కాబోయే మామగారని. ఆమె ముఖం వెలిగిపోయింది. కుర్చీ వేయమంది, చాయ్ తెమ్మంది. అప్పుడే దవాఖాన నుంచి మనిషి పరుగెత్తుకొచ్చి, కాన్పు కేసు వచ్చిందని డాక్టరు గారిని తీసుకుపోయాడు. బల్ల దగ్గర ఒక కుర్చీ ఖాళీ అయింది. దొరసాని ఆ కుర్చీ వంక చూసింది, మామ వంక చూసింది.

"నేను పత్తాలు ముట్టనమ్మా" అన్నాడు మామ.

"ఇవి పత్తాలు కావు. ఇండ్ల పైసల్ లేవు" అన్నాడు సర్వేయర్ సాబ్.

"పైసల్ లేంది ఎందుకాడుతరు మరి?"

సర్వేయర్ సాబ్ ఆ ప్రశ్నను హిందీలో దొరసానికి అందించాడు. ఆమె దూరంగా కనిపించే బొగ్గు కుప్పల వైపు చెయ్యి ఊపి, "ఇధర్ ఔర్ క్యా కరేగా? కోయ్‌లా దేఖేగా?" అంది. ఇక్కడ ఇంకేం చేయమంటావు, బొగ్గు చూస్తూ కూర్చోమంటావా అని.

మామ బొగ్గు కుప్పల వంక చాలాసేపు చూశాడు. "అదీ నిజమే పాపం" అని, మూట కింద పెట్టి, కుర్చీ మీద కాళ్లు మడుచుకుని కూర్చున్నాడు. కూర్చుంటూనే, వచ్చిన పని మరచిపోనివాడు గనుక, "అమ్మా, మా అల్లునికి కోటర్ ఇప్పిస్తవా?" అని అడిగేశాడు. నేను బల్ల కిందికి దూరిపోదామనుకున్నాను.

దొరసాని ఆశ్చర్యంగా, "కోటర్? వో తో నంబర్ సే మిల్తా" అంది. పేరు రాయించుకుంటే నంబరు ప్రకారం వస్తుందట. తను అడిగితే మేనేజరు గారు వినరట, తను ఎప్పుడూ అడగనూ లేదట. నేను సర్వేయర్ సాబ్ వంక చూశాను. ఆయన పాన్ డబ్బాలో ఏదో చాలా లోతుగా వెతుకుతున్నాడు. ఇన్ని వారాలుగా నేను విరగ్గొట్టుకున్న జట్లన్నీ, వదిలేసిన గాలులన్నీ కళ్ల ముందు తిరిగాయి.

తొందరగా అయిపోవాలని దొరసాని మామకు ఒక్క ముచ్చటే నేర్పింది. ఒక్కతీరువి రెండు నీ దగ్గరుండి, మూడోది ఎవరు పారేసినా పంగ్ అనాలి.

"ఎవలు పారేసినా?" అన్నాడు మామ.

"ఎవలైనా" అన్నాడు, ఆమె మాటలు తెలుగులో చెబుతున్న సర్వేయర్ సాబ్.

"చిన్న పెద్ద లేదు?"

"లేదు."

"మరి మంచాటనే" అన్నాడు మామ.

ఆ తర్వాత ఆ వరండాలో జరిగిన ఆట లాంటిది అంతకుముందు ఆ క్లబ్బులో జరగలేదు. మామ పంగ్ అంటే, జొన్న చేలో వాలిన చిలకల్ని తోలే గొంతుతో అనేవాడు. మొదటిసారి అన్నప్పుడు చాయ్ తెస్తున్న మనిషి చేతిలో కప్పులు ఎగిరిపడ్డాయి. నోరు ముందు, చెయ్యి తర్వాత అన్న మర్యాద ఆయనకు ఎక్కలేదు. రెండూ ఒకేసారి వెళ్లేవి. ఎప్పుడో పారేసిన ముక్కను కూడా మధ్యలోంచి వేలితో జరుపుకునేవాడు. అది చచ్చిపోయిన ముక్క మామా, అప్పుడే అడగాల్సిందని నేనంటే, "అప్పుడు నాకు తెల్వలే. ఇప్పుడు తెల్సింది" అనేవాడు. దొరసాని పారేసినవి కూడా మొహమాటం లేకుండా లాక్కున్నాడు. ఆమె చౌ అని నోరు తెరిచేసరికి ఈయన పంగ్ మోగిపోయేది. లాక్కున్న ప్రతిసారీ ఆమె పకపకా నవ్వేది. ఆమె నవ్వితే ఎలా ఉంటుందో మాకు ఆ రోజే తెలిసింది.

ఆ సందడిలో, నమ్మండి నమ్మకపోండి, నా చెయ్యి కుదరడం మొదలైంది. నేను ఎవరికీ ఏమీ ఇవ్వకుండా ఆడిన మొదటి ఆట అది. మూడు జట్లు పూర్తయ్యాయి, జంట ఉంది. గుండ్రటి బిళ్లల బొమ్మల్లో ఏడు, తొమ్మిది ఉన్నాయి. మధ్యలో ఎనిమిది పడితే గెలిచినట్టే. సర్వేయర్ సాబ్ చాలాసేపు నసిగి ఒక ముక్క పారేశాడు. ఎనిమిది బిళ్లలు.

"పంగ్!" అన్నాడు మామ. ఆయన చెయ్యి అప్పటికే ముక్క మీద ఉంది.

ఆ క్షణంలో నాకు కలిగిన ఆలోచనలన్నీ రాస్తే ఇంకో పుస్తకమవుతుంది. మాజాంగ్ అంటే పంగ్ చెల్లదు. కాని లాక్కోవలసింది పిల్లనివ్వడానికి వచ్చిన మనిషి చేతిలోంచి. ఊరుకుంటే దొరసానికి తెలియకపోవచ్చు. కాని ఆమె ఆట చివర మళ్లీ నా ముక్కలు వెల్లకిలా పడేస్తే? విస్తరి దగ్గర వంగి అడిగిన పిల్ల గుర్తొచ్చింది. ఇంతలో, వారమంతా మంచం మీద కూర్చుని అభ్యాసం చేసిన నోరు నన్ను అడగకుండానే తెరుచుకుంది.

"మాజాంగ్!"

అంతేకాదు, నా చెయ్యి వెళ్లి మామ చేతి మీద పడింది. ముక్క ఆయన వేళ్ల కింద, ఆయన వేళ్లు నా వేళ్ల కింద. చౌకీదారు కూడా తొంగిచూశాడు.

"నేనంటి గద ముందుగాల?" అన్నాడు మామ.

"మాజాంగ్ అంటె పంగ్ చెల్లది మామా. అది రూల్."

"మామ చేతులకెల్లి గుంజుకునుడు గూడ రూలేనా?"

సర్వేయర్ సాబ్ కళ్లు మూసుకున్నాడు. దొరసాని మాత్రం కుర్చీలోంచి సగం లేచి, "షాబాష్! రూల్ హై! దిఖావ్, దిఖావ్!" అని చప్పట్లు కొట్టింది. మామ నా ముఖంలోకి చూస్తూ, ఒక్కొక్క వేలే తీసి, ముక్క వదిలాడు. నేను దాన్ని తీసుకుని, యుద్ధం గెలిచినవాడిలా, నా ముక్కలన్నీ వెల్లకిలా పరిచాను. దొరసాని వేలు పెట్టి వరసగా చూసుకుంటూ వచ్చింది. ఈ జట్టు సరే, ఇది సరే, ఇదీ సరే, జంట సరే. చివరికొచ్చేసరికి వేలు ఆగింది. ఆమె నా వంక చూసింది. మళ్లీ ముక్క వంక చూసింది.

"యే సాత్ నహీ" అంది మెల్లగా. "ఛే హై."

నేను వంగి చూశాను. కింద నాలుగు ఎర్ర బిళ్లలు, పైన ఏటవాలుగా మూడు పచ్చ బిళ్లలు ఉంటే ఏడు. నా ముక్క మీద పైన రెండే ఉన్నాయి. ఎంతసేపు చూసినా రెండే ఉన్నాయి. ఆరు, ఎనిమిది, తొమ్మిది. దేనికీ దేనితోనూ సంబంధం లేదు.

సర్వేయర్ సాబ్ కళ్లు తెరిచి, బల్ల మీదికి వంగి, "ట్రేసర్‌వు గదరా నువ్వు?" అన్నాడు. ఇంకాసేపాగి, నిజంగా భయపడ్డ గొంతుతో, "బాయి పటాలల్ల గూడ గిట్లనే ఆర్లను ఏడ్లు చేస్తున్నవా?" అన్నాడు. (సోమవారం నుంచి నేను గీసిన పటాలన్నీ ఆయన భూతద్దం పెట్టి మళ్లీ చూసుకున్నాడు.)

తప్పుగా మాజాంగ్ అన్నవాడికి శిక్ష ఏమిటంటే, వాడి చెయ్యి చచ్చినట్టే. ముక్కలు అందరికీ కనబడేటట్టు పరిచి ఉంచి, ఆట అయిపోయేదాకా నోరెత్తకుండా కూర్చోవాలి. పంగ్ అనరాదు, చౌ అనరాదు. ఎనిమిది బిళ్లల ముక్కను రెండు చేతులతో పట్టుకుని, "తీస్కో మామా" అని ఆయనకు తిరిగి అప్పగించాను. ఆయన దాన్ని అందుకుని తన రెండింటి పక్కన పెట్టుకున్నాడు. తర్వాత వంతు వచ్చినప్పుడల్లా, ముక్క తీసుకునే ముందు, పరిచి ఉన్న నా ముక్కల వంక ఒకసారి చూసి, తల అటూ ఇటూ ఊపేవాడు. కాసేపటికి దొరసాని, మామ పారేసిన ముక్క మీద మాజాంగ్ అని బల్ల గుద్దింది. ఎవరూ కావాలని ఇవ్వకుండా ఆమె గెలిచిన మొదటి ఆట అదే అనుకుంటాను. మామ పల్లికాయ మూట విప్పి, బల్ల మధ్యలో కుప్ప పోశాడు.

స్టేషను దాకా మామ వెంట నడిచాను. సగం దారిలో నేనే మొదలుపెట్టాను.

"మామా, నా మీద ఒట్టు, పైసలు పెట్టి ఎన్నడు ఆడలే. నేను జూదగాన్ని కాదు."

"నేను చూసిన గద" అన్నాడు మామ.

"పత్తాలు ముట్టనే ముట్ట."

"అరె, ఉండు పిలగా." ఆయన ఆగి, కంబడి భుజం మార్చుకున్నాడు. "మా తమ్ముడు మస్తుగ ఆడెటోడు. పది సార్లాడితె ఎనిమిది సార్లు గెలిచెటోడు. అట్ల గెలువబట్టే మునిగిండు. ఇంక గెలుస్త, ఇంక గెలుస్త అని ఆశ. నీకా పరేషాన్ లేదు. ఎవలు ఓడగొట్టకుండనే నీ అంతట నువ్వు ఓడిపోయినవు. నీ అసొంటోడు జూదానికి పోయినా వాళ్లే తిరిగి ఇంటికి తోలిస్తరు." కాస్త దూరం నడిచాక, "నీకు పిల్లనియ్యొచ్చు. ఏం ఫికర్ లేదు" అన్నాడు.

కోటర్ సంగతి నేనే గుర్తు చేశాను. (ఆ వయసులో నా తెలివి అలా ఉండేది.) నంబరు వచ్చేదాకా బస్తీలో ఒక అర్ర కిరాయికి తీసుకొమ్మన్నాడు. బండి వచ్చింది. కిటికీలోంచి ఆయన తల బయట పెట్టి, "ఆమెకు చెప్పు, మళ్ల ఒచ్చినప్పుడు ఆ చౌ అనేది గూడ నేర్సుకుంట" అని అరిచాడు.

ఆ ఎండాకాలం మా పెళ్లయింది. మామ బిడ్డను చూడటానికని తరచుగా ఆదివారాలు వచ్చేవాడు. వచ్చి, మంచినీళ్లు తాగి, బిడ్డ ఎట్లున్నవని అడిగి, జవాబు పూర్తయ్యేలోపల క్లబ్బు దారి పట్టేవాడు. నా కుర్చీ ఆయనకు వెళ్లింది. నేను అప్పుడప్పుడు పక్కన నిలబడి చూసేవాణ్ణి, ముక్కల దగ్గరికి మాత్రం రానిచ్చేవారు కాదు. కొన్నేళ్లకు మేనేజరు గారికి బదిలీ అయింది. చెక్కపెట్టె కూడా కలకత్తా బండి ఎక్కింది. ఆ తర్వాత కూడా మామ అలవాటు కొద్దీ వచ్చాడు. వాకిట్లో కూర్చుని, కొత్త మేనేజరు భార్యకు ఏమన్నా ఆటలు వస్తాయా అని అడిగాడు. రావట మామా అన్నాను. ఆయన అన్నం తిని, సాయంత్రం బండి దాకా ఆగకుండా ముందు బండికే వెళ్లిపోయాడు.

ఇప్పుడు మా మనవరాళ్లు, మీ పెళ్లెట్లా కుదిరిందని వాళ్ల నాయనమ్మను అడుగుతుంటారు. ఆమె నా వంక చూడకుండానే చెబుతుంది. "చిన్నాయన పోయినంక మా బాపు నవ్వుడు మేమెవ్వలం చూడలే. మీ తాతను చూసొస్త అని పోయిన్నాడు, వాకిట్లకెల్లి నవ్వుకుంట ఒచ్చిండు. కాళ్లు కడుక్కుంట నవ్విండు, తింటాంటె నవ్విండు. ఏమైంది బాపూ అంటె చెప్పలే. బాపును అంతగనం నవ్వించినోడు ఎట్లుంటెనేం అని నేను సరే అన్న."

పిల్లలు పడీ పడీ నవ్వుతారు. నేను పేపరు కొంచెం పైకి ఎత్తి పట్టుకుని, దాని వెనకాల, తెల్లటి కాన్వాస్ బూట్లేసుకుని అన్నీ వచ్చని క్లబ్బుకు బయలుదేరిన ఆ పిల్లగాణ్ణి తలచుకుంటాను. వాణ్ణి ఆపబుద్ధి కాదు. పోనీ, పోనీ అనుకుంటాను.